పైవాడి రక్తపరీక్ష

గడియారం డాక్టరు చేసిన అన్యాయం మూడు నిమిషాల్లో అయిపోయింది. మనిషిని ఎదురుగా నిలబెట్టాడు. కాగితం చూశాడు, మణికట్టు చూసుకున్నాడు, మళ్ళీ కాగితం చూశాడు. నిలబడ్డ మనిషిని మాత్రం చూడలేదు. అలా చూడకుండానే ఇరవై రెండేళ్ళ పనితనాన్ని పైనుంచి కిందికి దించేశాడు. ఆయనకా పేరు ఊరికే రాలేదు. రోగి నాలుక చాపేలోపు రెండుసార్లు టైము చూసుకునే వైద్యుణ్ణి ఇంకేమని పిలుస్తారు?

నిలబడ్డవాడు ఆ ఫ్యాక్టరీ పెద్ద షెడ్డులో క్రేన్ నడిపేవాడు. నేలకు అరవై అడుగుల ఎత్తున, గాజు కేబిన్లో కూర్చుంటాడు కనక షెడ్డంతా అతన్ని పైవాడు అంటుంది. "పైవాడి దయ ఉంటే మధ్యాహ్నానికి అయిపోతుంది" అని ఫిట్టర్లు అన్నారంటే దేవుణ్ణి తలుచుకున్నారని కాదు.

"ఎంత తాగుతావ్?" అన్నాడు డాక్టరు.

"తాగను సార్."

"వారానికే అడుగుతున్నాలే. రోజుకి కాదు."

"అసలే తాగను సార్."

"మరి ఇదేంటి?" డాక్టరు పెన్ను కొసతో కాగితాన్ని పొడిచాడు. "నలభై లోపు ఉండాల్సింది నూట ముప్పై ఎనిమిది ఉంది. లివరు ఊరికే అరవదు."

"కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నాను సార్, ఎనిమిది నెలల్నించి. దానివల్లేమన్నా..."

"నేను రాశానా?"

"లేదు సార్. బయట గుండె డాక్టరు..."

"అయితే ఆయన్నే అడుగు. తాగేవాడికి ఏదో ఒక నెపం దొరక్కపోదు. ఒకడు మాత్ర అంటాడు, ఒకడు హోటల్ నూనె అంటాడు."

డాక్టరు ఫైల్లో ఒక వాక్యం రాశాడు. పైవాడి చదువు ఏడో తరగతితో ఆగింది కానీ తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం అతనికి బాగా వచ్చు. పైనుంచి చూసేవాడికి నేలమీద సుద్దతో రాసిన గుర్తులు సగంసార్లు తలకిందులుగానే కనపడతాయి. ‘మద్యపానం. క్రేన్‌కు పనికిరాడు. మళ్ళీ పరీక్ష వరకు నేలమీద పని.’

"పదకొండో రోజున రక్తం ఇవ్వు. ఈలోగా మానెయ్" అన్నాడు డాక్టరు. "జీతం ఏం పోదులే, వైద్య కారణం కింద వేస్తారు." తర్వాతి పేరు పిలిచాడు.

అతనికి పనిముట్ల గదిలో కూర్చునే పని ఇచ్చారు. కిటికీలోంచి పనివాళ్ళు ఇత్తడి బిళ్ళ ఇస్తే, దాన్ని మేకుకి తగిలించి పానా ఇవ్వాలి. పానా తిరిగొస్తే బిళ్ళ ఇచ్చెయ్యాలి. అంతే. పొద్దున ఏడు గంటలకే కిటికీ ముందు బారు కట్టారు. కావలసినవాళ్ళూ వచ్చారు, అక్కర్లేనివాళ్ళూ వచ్చారు.

"ఒరేయ్, పైవాడు భూమ్మీదికి దిగొచ్చాడ్రోయ్! ఇంక లోకం మునిగిపోయినట్టే."

"అవతారం ఎందుకెత్తినట్టు గురూ?"

"సీసాలో పడ్డాడంట. పైన ఎవరికీ కనపడదు కదా మరి!"

పైవాడు నవ్వలేదు, తిట్టలేదు. బిళ్ళలు మేకులకి తగిలిస్తూ కూర్చున్నాడు. మాటకి మాట అంటే ఇంకా మాటలొస్తాయి. ఆ సంగతి అతనికి తెలుసు.

అతన్ని బాధపెట్టింది మాటలు కాదు. కిటికీలోంచి క్రేన్ కనిపిస్తోంది. అతని బదులు ఎక్కినవాణ్ణి ఉయ్యాల అంటారు. వాడు ఎత్తిన బరువు ఉయ్యాల ఊగుతుంది. పదహారు టన్నుల ఇనప రోలరు కొక్కేనికి వేలాడుతూ అటూ ఇటూ పోతుంటే కింద ఫిట్టర్లు గోడలకి అతుక్కుపోతున్నారు. ఊగుతున్న బరువుని ఆపాలని చూస్తే ఇంకా ఊగుతుంది. అది ఎటు పోతే అటు దాని వెనకే వెళ్ళాలి. అది చివరికి చేరి వెనక్కి తిరగబోయే క్షణానికి కొక్కెం సరిగ్గా దాని నెత్తిమీద ఉండాలి. అప్పుడు అదే బుద్ధిగా నిలబడుతుంది. పైవాడు దించితే కింద పెట్టిన చెక్క కిర్రుమనేది కాదు. ఒకసారి పై అధికారులెవరో చూడటానికి వస్తే, నిండు టీ గ్లాసు మీదికి ఇరవై టన్నుల అచ్చుని దించి, వేలెడు ఖాళీ వదిలి ఆపాడు. టీ మీద మీగడ కదల్లేదు.

ఇప్పుడు బల్ల కింద అతని కుడిచెయ్యి తనంతట తాను కదులుతోంది. లేని క్రేన్ పిడిని లేని గాడిలో ముందుకీ వెనక్కీ జరుపుతోంది. చూసుకుని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

టీ వేళకి బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు, ఫిట్టర్ల మేస్త్రి. చుట్టూ చూసి కిటికీలోకి తల దూర్చాడు.

"బావా. ఏం అడిగాడు?"

"తాగుతావా అన్నాడు."

"నువ్వా? దగ్గుమందు తాగడానికే ముక్కు మూసుకుంటావు!" నవ్వబోయి ఆగిపోయాడు. "సమ్మెట సంగతి చెప్పావా?"

"లేదు."

బావమరిది ఊపిరి వదిలాడు. "చెప్పకు బావా. దండం పెడతా. నువ్వు కేబిన్ మనిషివి. నేలమీద పనిముట్టు నీ చేతికిచ్చానని తెలిస్తే మేస్త్రి పని పోతుంది నాకు. పిల్లల ఫీజులు ఉన్నాయి."

"నేనేమన్నా చెప్తానన్నానా?"

"అనలేదులే. ముందే అడుక్కుంటున్నా."

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. ఏడాదికొకసారి రక్తం తీసే రోజుకి ముందురోజు కేబిన్ వాళ్ళు ముగ్గురూ కిందికి దిగుతారు. ఏడాదంతా కూర్చుని కూర్చుని ఒంట్లో పేరుకున్న కొవ్వు, సూది గుచ్చేలోపు చెమటగా కారిపోవాలి. దానికి ‘కరిగింపు’ అని పేరు. పాత రోలర్లలో బిగుసుకుపోయిన పిన్నుల్ని పన్నెండు కేజీల సమ్మెటతో కొట్టి ఊడదియ్యడం ఆ రోజు వాళ్ళ పని. ఫిట్టర్లు చుట్టూ కూర్చుని లెక్కపెడతారు, ఎగతాళి చేస్తారు, నీళ్ళందిస్తారు. కరిగింపు చేసినవాడికి పరీక్షలో ఢోకా ఉండదని అందరి నమ్మకం. ఈసారి పైవాడు నాలుగు గంటలు కొట్టాడు. డెబ్భై ఒక్క పిన్నులు. మర్నాడు చొక్కా వేసుకోవడానికి చెయ్యి లేవక, భార్యే బొత్తాలు పెట్టింది. "నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంక కీళ్ళు పట్టేస్తాయి మరి" అని కూడా అంది. అసలు సంగతి ఆమెకీ చెప్పలేదు. చెబితే ముందు తమ్ముణ్ణి చంపేస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆమె వంటింటి గట్టుమీద మాత్రల అట్టని పెట్టుకుని, అదేదో తేలు అన్నట్టు చూస్తోంది.

"మందుల షాపాయన్ని అడిగానండీ. ఇవి లివర్ని తింటాయంట."

"ఎంత తింటాయంట?"

"వేళాకోళమా? వెయ్యిమందిలో ఏ కొందరికో అన్నాడు. ఆ కొందరిలో మీరుంటే? మీ అదృష్టం నాకు తెలీదూ!"

"మరి మానెయ్యనా?"

ఆమె అట్టని అల్మరాలో పెట్టింది. రెండడుగులు వేసి, తిరిగొచ్చి మళ్ళీ బయటికి తీసింది. "మానేస్తే మీ అన్నయ్యగారిలాగా..." అని, ఆ మాట మింగేసి అట్టని పాత చోటే పెట్టింది. పైవాడి అన్న యాభై రెండో ఏట, బస్సు దిగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆయన మాత్రలేవీ వేసుకోలేదు.

"పక్కింటావిడ అడిగింది" అంది ఆమె, గిన్నె తోముతూ. అవసరానికి మించి తోముతోంది. "మీ ఆయనకి పని మార్చారంట కదా, తాగుడు అలవాటుందని నాకు తెలీదే అని."

"నువ్వేమన్నావు?"

"పాతికేళ్ళు పక్కన పడుకున్న ముక్కండీ నాది. ఆ డాక్టరుకి కావాలంటే నా ముక్కు అప్పిస్తానన్నాను, ఒక వారం పెట్టుకుని వాసన చూడమన్నాను!" అని గిన్నె బోర్లించింది. చప్పుడుకి పక్కిల్లు కూడా ఉలిక్కిపడి ఉంటుంది.

మూడో రోజు పొద్దున ఫ్యాక్టరీ ఆస్పత్రి నుంచి చీటీ వచ్చింది. పిలిచింది డాక్టరు కాదు, రక్తం తీసే ఆవిడ. ఆమెని అందరూ చీమక్క అంటారు. సూది గుచ్చేముందు చిన్నాపెద్దా అందరితోనూ "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటుంది. కుట్టినట్టు కూడా ఉండదు.

చీమక్క గది మెట్ల కింద ఉంటుంది. నిలబడితే తల తగులుతుంది. అందులో ఒక బల్ల, ఒక ఫ్రిజ్, గిరగిరా తిరిగే ఒక యంత్రం. ఆ గదిలో ఆమె పని చూడాలి. రక్తం తీశాక గొట్టాన్ని ఊపదు. పడుకోబెట్టి లేపి, పడుకోబెట్టి లేపి, ఎనిమిదిసార్లు మెల్లగా తిప్పుతుంది. మనిషి కుర్చీలోంచి లేవకముందే గొట్టంమీద పేరు రాసి, ఆ పేరు మనిషి చేతే చదివిస్తుంది. పంతొమ్మిదేళ్ళలో ఒకరి రక్తం ఇంకొకరి పేరుమీద పోలేదు. ఈ సంగతి గడియారం డాక్టరు ఎక్కడా రాయలేదు. ఆయన రాసే సంగతులు వేరు.

"కూర్చో తమ్ముడూ" అంది. తలుపు దగ్గరికి వేసింది. "నువ్వు తాగవు కదూ?"

"ఒట్టు అక్కా."

"ఒట్టు నాకెందుకు? నీ రక్తమే చెప్పింది." డ్రాయరులోంచి కాగితం తీసింది. "డాక్టరుగారు చూసిన నంబరు లివరు పాడైనా పెరుగుతుంది, కండ దెబ్బతిన్నా పెరుగుతుంది. ఏదో తెలియాలంటే ఇంకో రెండు పరీక్షలు చెయ్యాలి. నీ గొట్టం ఫ్రిజ్‌లోనే ఉంది, చేసేశాను. తాగేవాళ్ళకి పెరిగేది ఒకటుంది. నీకు అది పసిపిల్లాడికున్నట్టుంది. కండరానిది మాత్రం ఏడు రెట్లు."

"డాక్టరుగారు చెయ్యమన్నారా?"

"అడిగాను. ‘నువ్వు డాక్టరువా’ అన్నారు. కాదుగా మరి, అందుకే బయటికొచ్చేశాను. వచ్చి చేశాను." ఆమె మామూలుగానే చెప్పింది, పొయ్యి మీద పాలు దించానన్నట్టు.

పైవాడు తలుపు వైపు చూశాడు. "అక్కా, ఆ ముందురోజు నేను..."

"ఆగు!" చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్పకు. నువ్వు చెప్తే నేను రాయాలి. రాస్తే ఎవరి దగ్గర, ఎవరిచ్చారు అని అడుగుతారు. నేను చెప్తాను, నువ్వు ఊరికే విను." లావుపాటి రిజిస్టరు తెరిచింది. వేలితో మూడు వరసలు చూపించింది. "మూడేళ్ళుగా చూస్తున్నా. పొద్దస్తమానం బరువులెత్తే ఫిట్టర్లకి ఏమీ ఉండదు. కుర్చీలో కూర్చునే మీ ముగ్గురికే, ఏటా ఇదే వారం, ఈ నంబరు కాస్త లేస్తుంది. ఎందుకో నేనడగను. ఈసారి నీకొక్కడికే ఇంతగా లేచింది. కొత్తగా ఏముంది? మాత్ర."

"అయితే మాత్ర తప్పేనా? మా ఆవిడ మానెయ్యమంటుంది. మళ్ళీ వద్దంటుంది."

"ఇద్దరు అనుమానితుల్నీ ఒకేసారి ఊరు దాటించేస్తే దొంగెవరో ఎలా తెలుస్తుంది? ఉండు."

అతని జేబులో మడతలు పడ్డ మందుల చీటీ తీసుకుని, అందులో ఉన్న గుండె డాక్టరు నంబరుకి తన ఫోన్లోంచే చేసింది. రక్తపరీక్షలో వచ్చిన నంబర్లు ఒక్కొక్కటీ చదివింది. వింటూ అతని కింది కనురెప్ప లాగి చూసింది. "కళ్ళు పచ్చగా లేవు సార్." అతన్ని అడిగింది: "మూత్రం టీ రంగులో వస్తోందా? నొప్పులింకా ఉన్నాయా?" లేదన్నాడు. "తగ్గాయంట సార్." చెప్పినవన్నీ చీటీ వెనక రాసి, రాసినవి మళ్ళీ ఆయనకి చదివి వినిపించి, అప్పుడు పెట్టేసింది.

"విను. ఈ మాత్ర కొందరికి లివరు నంబరు పెంచుతుంది, నిజమే. ఎక్కువమందికి కాదు. కండల్ని మాత్రం కాస్త సుకుమారం చేస్తుంది. అలవాటు లేనివాడు ఉన్నట్టుండి ఒళ్ళు హూనం చేసుకుంటే మామూలుకంటే ఎక్కువ దెబ్బ తింటాయి. మాత్ర మానొద్దన్నారు. బరువు పని మాత్రం చెయ్యకు. నీళ్ళ బిందె కూడా ఎత్తకు. మూత్రం రంగు మారినా, నొప్పి వచ్చినా ఆగకుండా ఆయన దగ్గరికి వెళ్ళాలి. పదకొండో రోజు మళ్ళీ రక్తం ఇవ్వు. అప్పుడు నీ లివరే చెప్తుంది, నువ్వూ నేనూ నోరు విప్పక్కర్లేదు."

ఏ పనీ చెయ్యకుండా ఉండటం ఎంత పనో పైవాడికి ఆ వారంలో తెలిసింది. నీళ్ళ బిందెలు భార్య మోసింది. గ్యాస్ సిలిండరుని బావమరిది వచ్చి జరిపాడు. వీధిలో వాళ్ళు చూస్తూనే ఉన్నారు. పక్కింటావిడ "పాపం, లివరు బాగా పోయినట్టుంది, నడకలో తెలుస్తోంది" అంది, వినపడేట్టుగానే. పైవాడు ఖాళీ చేతులతో భార్య వెనకే నడిచాడు. ఖాళీ చేతులంత బరువు అతను ఇంతకుముందెప్పుడూ మొయ్యలేదు.

షెడ్డులో ఎగతాళి నాలుగు రోజులకి పాతబడింది. తర్వాత వచ్చింది ఇంకా అన్యాయం. జాలి. "మానెయ్ గురూ, మా మావయ్య కూడా ఇలాగే మొదలుపెట్టాడు" అన్నాడొక పెయింటరు, పానా తిరిగిస్తూ, నిజంగా మంచితనంతోనే. ఎగతాళికి కోపమొస్తుంది. జాలికి ఏం రావాలో పైవాడికి తెలియలేదు. మాత్ర మాత్రం రోజూ వేసుకున్నాడు, భార్య ఎదురుగా నిలబడి చూస్తుండగా.

పదకొండో రోజు చీమక్క రక్తం తీసింది. ఎనిమిదిసార్లు తిప్పింది. అతని పేరు అతనిచేత చదివించింది. పదకొండున్నరకి ఇద్దరూ గడియారం డాక్టరు గదిలో ఉన్నారు.

డాక్టరు కాగితం చూశాడు. ముప్పై ఆరు. మొహం విప్పారింది. ఆ పదకొండు రోజుల్లో ఆయన మనిషిని చూసి మాట్లాడటం అదే మొదటిసారి.

"చూశావా! మందు మానేస్తే ఎలా దిగిందో! నేను చెప్పలా?"

పైవాడికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత లెక్క తెలిసింది. నంబరు ఎక్కితే తాగినట్టు. దిగితే తాగడం మానినట్టు. ఎటు ఊగినా ఆ మాట అక్కడే నిలబడి ఉంది.

"రేపట్నించి క్రేన్ ఎక్కు" అంటూ డాక్టరు రాయడం మొదలుపెట్టాడు. తలకిందులుగా అక్షరాలు వస్తున్నాయి: ‘మద్యం మానినందున...’

"సార్" అంది చీమక్క. డ్రాయరులో ఇన్ని రోజులుగా పడుకున్న కాగితాన్ని బల్లమీద పెట్టింది. "ఇది మొదటి రక్తానిదే. తాగుడైతే ఈ నంబరు పెరగాలి. పెరగలేదు. పెరిగింది కండరానిది. ఆ మాత్ర రోజూ వేసుకుంటూనే ఉన్నాడు, అయినా దిగింది. అంటే లివరుకి మాత్రా కారణం కాదు, మందూ కారణం కాదు."

"ఇది ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేనే చేశాను."

"మెమో వస్తుంది నీకు."

"సరే సార్. తేదీ మాత్రం సరిగ్గా వేయించండి. దాచుకోవాలి."

డాక్టరు కాసేపు ఆ కాగితాన్నే చూశాడు. చదువుకున్నవాడే, అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చింది. "కుర్చీలో కూర్చునేవాడికి కండలు ఎలా దెబ్బతింటాయి? ఆ రోజు ఏం చేశాడు?"

చీమక్క కిటికీ వైపు చూసింది. ఆమెకి తెలుసు. ఆమె చెప్పదు. చెప్పకపోతే కాగితం బల్లమీద ఉన్నా ఆ వాక్యం ఫైల్లో ఉండిపోతుంది.

"సమ్మెట కొట్టాను సార్" అన్నాడు పైవాడు. "నాలుగు గంటలు. కొవ్వు కరుగుతుందని."

"ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. నా అంతట నేనే తీసుకున్నాను. నన్నెవరూ చూడలేదు."

అబద్ధమని డాక్టరుకీ తెలుసు. పన్నెండు కేజీల సమ్మెట చప్పుడు షెడ్డులో ఎవరికీ వినపడకుండా ఉండదు. పెన్ను మూత పెట్టి వెనక్కి వాలాడు. "విను. నేను రాసింది అలాగే ఉంచితే ఈ పదకొండు రోజులూ వైద్య కారణం. జీతం వస్తుంది, రేపు క్రేన్ ఎక్కుతావు, ఎవరూ ఏమీ అడగరు. నువ్వు చెప్పింది రాస్తే తప్పు నీది. కేబిన్ మనిషి నేల పనిముట్టు ముట్టుకున్నాడని పదకొండు రోజులూ జీతం లేని సెలవు. క్రేన్ ఎలాగూ ఉంటుంది. ఒక్క మాట కోసం ఎందుకు పోగొట్టుకోవడం? ఆలోచించుకో."

పైవాడు ఆలోచించలేదు. "కొట్టెయ్యండి సార్ ఆ మాట."

డాక్టరు కొట్టేశాడు. ఒక గీత గీశాడు. కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. చీమక్క చెయ్యి చాపి, "ఇంకో గీత సార్" అంది. ఇంకో గీత పడింది. పక్కన సంతకం పడింది. కింద పైవాడు సంతకం పెట్టాడు, కూడబలుక్కుంటూ, పేరంతా.

బయట మెట్లమీద చీమక్కకి దండం పెట్టబోతే ఆమె చేతులు కిందికి లాగేసింది. "నాకేం పెట్టకు. మాత్ర వేసుకుంటూ ఉండు. మూడు నెలలకొకసారి రక్తం ఇవ్వు. ముందురోజు పనేమీ చెయ్యకుండా రా." మెట్ల కింది గదిలోకి తల వంచి దూరిపోయింది. లోపల యంత్రం తిరగడం మొదలైంది.

మర్నాడు పొద్దున షెడ్డులో పదహారు టన్నుల రోలరు పైకి లేచింది. అరంగుళం కూడా ఊగలేదు. కిందనుంచి ఎవరో ఈల వేశారు.

నెలాఖరున బావమరిది ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. అక్క మొహం చూసి లోపలికి రావడానికి జంకుతున్నాడు. ఆమెకి ఇప్పుడన్నీ తెలుసు.

"వచ్చే ఏడు కరిగింపు లేదు బావా. కేబిన్ వాళ్ళందరికీ చెప్పేశా."

"మంచి పని చేశావు."

"నీకెంత పోయింది?"

"నీకెందుకురా."

"చెప్పు బావా. సగం నాది."

పైవాడు తల అడ్డంగా ఊపాడు. జీతం చీటీని అల్మరాలోంచి తెచ్చింది భార్యే. తమ్ముడికి ఇవ్వలేదు. తనే చదివింది, పక్కింటికి వినపడేలా, గట్టిగా: రోజుకి ఆరు వందల నలభై చొప్పున పదకొండు రోజులు, కోత ఏడు వేల నలభై.